మంచు మనిషికి మనసు పోసిన కథ

పిల్లల బొమ్మల కథలలో ప్రతినాయకుడికి సాధారణంగా ఉండే పని ఒక్కటే: ఓడిపోవడం. అతడు దుర్మార్గుడు ఎందుకైనాడని ఎవరూ అడగరు. చివరి పుటలో చెరసాలకు పోతాడు. మరొక సంచికలో తప్పించుకొని తిరిగి వస్తాడు. అమెరికాలోని బ్యాట్‌మన్ కథలలో ముప్పై మూడేళ్ళపాటు ఇట్టి బ్రతుకే బ్రతికిన ఒక అల్పపాత్ర, 1992 సెప్టెంబరు 7వ తేదీన టెలివిజన్‌లో ప్రసారమైన ఒక కార్టూన్ కథతో సాటిలేని విషాదపాత్రగా మారిపోయింది. ఆ కథ నిడివి సుమారు ఇరవై రెండు నిమిషాలు. పేరు ‘హార్ట్ ఆఫ్ ఐస్’, అనగా మంచుగుండె. పాత్ర పేరు మిస్టర్ ఫ్రీజ్.

సాహిత్యంలో మరుగునపడిన పాత్రలకు కొత్త ఊపిరి పోయడం కొత్తకాదు. కాని ఎవరూ లెక్కపెట్టని ఒక బొమ్మల పుస్తకపు దొంగకు కన్నీరు కల్పించి, ఆ కన్నీటిని తిరిగి ఆ బొమ్మల పుస్తకాలకే అప్పగించిన వృత్తాంతం మాత్రం అరుదైనది. ఆ కథ వెనుక ఉన్న కథ తెలుసుకోదగినది.

వజ్రాల దొంగ మిస్టర్ జీరో

బ్యాట్‌మన్ మొదటిసారి పాఠకులకు కనిపించింది 1939లో, ‘డిటెక్టివ్ కామిక్స్’ 27వ సంచికలో. తరువాత ఇరవై ఏళ్ళకు, 1959 ఫిబ్రవరి తేదీతో వెలువడిన ‘బ్యాట్‌మన్’ 121వ సంచికలో మిస్టర్ జీరో అనే దొంగ ప్రవేశించాడు. అతడొక శాస్త్రజ్ఞుడు. వస్తువులను గడ్డకట్టించే తుపాకి ఒకటి తయారుచేస్తూ ప్రమాదానికి గురై, అతిశీతల వాతావరణంలో తప్ప బ్రతకలేని స్థితికి వచ్చాడు. అందువల్ల ఒంటికి చలియంత్రం వంటి ఉడుపు తొడుగుకొని దొంగతనాలకు బయలుదేరతాడు. అతడు దోచేవి వజ్రాలు. అమెరికా దొంగల పరిభాషలో వజ్రాలను ‘మంచు’ అంటారు. ఆ ఒక్క చమత్కారమే ఆ కథకు ప్రాణం. చివరికి ఆవిరి గొట్టం ఒకటి పగిలి, ఆ వేడికి అతని జబ్బు నయమైపోతుంది. కథ కంచికి చేరుతుంది.

ఇంత తేలికపాటి కథ పుట్టడానికి కారణం లేకపోలేదు. 1954లో అమెరికాలో బొమ్మల పుస్తకాల మీద పెద్ద దుమారం లేచింది. అవి పిల్లలను చెడగొడుతున్నాయని మానసిక వైద్యుడు ఫ్రెడరిక్ వర్తమ్ ఒక గ్రంథం వ్రాశాడు. సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. భయపడిన ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి విధించుకున్నారు. దానితో భయానకం, క్రౌర్యం, లోతైన దుఃఖం వంటివి పుటలలో నుండి తొలగిపోయి, వింత యంత్రాలూ, గ్రహాంతర జీవులూ, విచిత్రమైన దొంగలూ మిగిలారు. మిస్టర్ జీరో ఆ కాలపు బిడ్డ. చలి అతని ఆయుధమే గాని, అతని మనసులో చలి ఉన్నదో లేదో తెలుసుకోవలసిన అవసరం ఆనాటి కథకు లేదు.

ఆ కథను వ్రాసినవాడు డేవ్ వుడ్, బొమ్మలు గీసినవాడు షెల్డన్ మోల్డాఫ్. కాని ఆనాటి పాఠకులు వారి పేర్లు చూసి ఉండరు. అప్పుడు బ్యాట్‌మన్ కథలకు బాబ్ కేన్ సంతకం ఒక్కటే ఉండేది. మోల్డాఫ్ 1953 నుండి 1967 వరకు కేన్ పేరు క్రింద తెరచాటున బొమ్మలు గీశాడు. బ్యాట్‌మన్‌కు ఆకారమూ చరిత్రా కల్పించడంలో ప్రధాన పాత్ర వహించిన రచయిత బిల్ ఫింగర్ 1974లో మరణించగా, అతని పేరును కేన్ పేరు ప్రక్కన చేర్చడానికి ప్రచురణ సంస్థ అంగీకరించింది 2015లో. మిస్టర్ జీరో వంటి చిన్న పాత్రకు తండ్రి ఎవరని అడిగేవారు ఇక ఎవరుంటారు?

పేరు మారినా తీరు మారలేదు

1966లో బ్యాట్‌మన్ కథలు అమెరికా టెలివిజన్‌లో హాస్యధోరణిలో నాటకాలుగా ప్రసారమైనాయి. మిస్టర్ జీరో ఆ నాటకాలలో మిస్టర్ ఫ్రీజ్ అయినాడు. ఆ పాత్రను ముగ్గురు పేరున్న కళాకారులు ఒకరి తరువాత ఒకరు ధరించారు. మొదట జార్జి శాండర్స్, తరువాత సుప్రసిద్ధ చలనచిత్ర దర్శకుడు ఆటో ప్రెమింజర్, ఆపైన ఈలై వాలక్. ముగ్గురూ మూడు విధాలుగా నటించారు; నవ్వు మాత్రం ముగ్గురికీ సమానం. ఆ కొత్త పేరు జనం నోళ్ళలో నానడంతో 1968లో బొమ్మల పుస్తకాలు కూడా దానినే స్వీకరించాయి. తెర నుండి పుస్తకానికి ఈ పాత్ర అప్పు ఇవ్వడం అదే మొదటిసారి.

తరువాతి ఇరవై ఏళ్ళలో బ్యాట్‌మన్ కథల స్వరూపం మారిపోయింది. రచయిత డెనిస్ ఓనీల్, చిత్రకారుడు నీల్ ఆడమ్స్ 1970 ప్రాంతంలో అతనిని తిరిగి చీకటి వీధులలోకి తీసుకువచ్చారు. 1970 దశకం చివర స్టీవ్ ఇంగిల్‌హార్ట్, మార్షల్ రోజర్స్ జోకర్‌కు భయంకరమైన పిచ్చిని చేకూర్చారు. 1986లో ఫ్రాంక్ మిల్లర్ ముసలి బ్యాట్‌మన్ కథను వ్రాశాడు. ఈ మార్పులలో దేనిలోనూ మంచు మనిషికి వాటా దక్కలేదు.

నల్ల కాగితం మీద నగరం

1989లో టిమ్ బర్టన్ తీసిన చలనచిత్రం ఘనవిజయం సాధించగా, వార్నర్ బ్రదర్స్ సంస్థ బ్యాట్‌మన్‌ను కార్టూన్ ధారావాహికగా తీయ సంకల్పించింది. బ్రూస్ టిమ్, ఎరిక్ రాడోమ్‌స్కీ దానికి సారథులు. వారికి ఆదర్శం 1941–43 మధ్య ఫ్లైషర్ సోదరుల స్టూడియో ప్రారంభించిన సూపర్‌మన్ లఘుచిత్రాలు. మొత్తం పదిహేడు లఘుచిత్రాలలో కనిపించే కోణాల భవనాలూ, పొడవైన నీడలూ వారిని ఆకట్టుకొన్నాయి. సాధారణంగా కార్టూన్ల నేపథ్య దృశ్యాలను తెల్లకాగితం మీద చిత్రిస్తారు. రాడోమ్‌స్కీ నల్లకాగితం మీద వేయించాడు. తెల్లకాగితం మీద చీకటిని పూయవలసి ఉంటుంది. నల్లకాగితం మీద వెలుతురును మాత్రమే పూస్తే చాలు, తక్కినదంతా చీకటే. గోథమ్ నగరం ఎప్పుడూ అర్ధరాత్రిలో ఉన్నట్లు తోచడానికి రహస్యం ఇదే.

కొన్ని కథలను ఈ బృందం నేరుగా బొమ్మల పుస్తకాల నుండి తీసుకొన్నది. ఇంగిల్‌హార్ట్, రోజర్స్ 1978 నాటి నవ్వే చేపల కథ అందులో ఒకటి. ఓనీల్, ఆడమ్స్ సృష్టించిన రాస్ అల్ ఘూల్ కథ మరొకటి. రెండవదానికి ఓనీల్ స్వయంగా పనిచేశాడు. మిస్టర్ ఫ్రీజ్ విషయంలో తీసుకోదగిన కథ ఏదీ లేదు. చలి, తుపాకి, గాజు శిరస్త్రాణం మాత్రం ఉన్నాయి. ఆ మూడింటి చుట్టూ మనిషిని కట్టవలసిన పని రచయిత పాల్ డినీ మీద పడింది. దర్శకత్వం బ్రూస్ టిమ్ వహించాడు.

దొంగకు దుఃఖం

డినీ వేసిన ప్రశ్న చాలా చిన్నది: ఒక శాస్త్రజ్ఞుడు చలితో ఎందుకు పనిచేస్తున్నట్లు? వజ్రాల కోసం కాదు, భార్య కోసం అని అతడు సమాధానం చెప్పుకొన్నాడు. విక్టర్ ఫ్రీజ్ అనే వైద్యశాస్త్రజ్ఞుని భార్య నోరాకు మందులేని వ్యాధి సోకింది. చికిత్స దొరికేవరకు ఆమెను శీతల నిద్రలో ఉంచి కాపాడాలని అతని ప్రయత్నం. అందుకు అతడు తాను పనిచేసే గోథ్‌కార్ప్ సంస్థ పరికరాలను, ధనాన్ని వాడుకొన్నాడు. సంస్థ అధిపతి ఫెరిస్ బాయిల్ వచ్చి ప్రయోగం ఆపమన్నాడు. ఫ్రీజ్ ప్రాధేయపడ్డాడు, ఎదిరించాడు. బాయిల్ అతనిని రసాయనాల మీదికి తన్ని, భార్యను విధికి వదలి వెళ్ళిపోయాడు. ఆ ప్రమాదంలో ఫ్రీజ్ శరీరం చలిలో తప్ప నిలవనిదైపోయింది.

పేర్లలో కూడా ఒక చమత్కారం దాగి ఉన్నది. అతని ఇంటిపేరు ఒక జర్మను ఇంటిపేరులా వ్రాయబడుతుంది. పలికితే మాత్రం ‘గడ్డకట్టడం’ అని అర్థం వస్తుంది. బాయిల్ అనే పేరు పలికితే ‘మరగడం’. చల్లని మనిషి గుండెలో నిప్పు, మర్యాదస్తుని గుండెలో మంచు. ఇక విక్టర్ అనే పేరు వినగానే, చావును జయించబోయి తన బ్రతుకును పోగొట్టుకొన్న మరొక శాస్త్రజ్ఞుడు, మేరీ షెల్లీ నవలలోని ఫ్రాంకెన్‌స్టైన్ గుర్తుకు రాక మానడు.

శీతల నిద్ర కేవలం కల్పన కాదు. మరణించినవారి దేహాన్ని భవిష్యత్ వైద్యం మీద ఆశతో అతిశీతలంగా భద్రపరచడం అమెరికాలో 1967లో మొదలైంది. ద్రవ నైట్రోజన్‌లో, అనగా సున్నాకు దిగువ 196 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఆ దేహాలను ఉంచుతారు. అట్లు భద్రపరచిన మనిషిని తిరిగి బ్రతికించడం ఇంతవరకు ఎవరికీ సాధ్యం కాలేదు. శరీరంలోని నీరు మంచు స్ఫటికాలుగా మారి కణాలను చీల్చివేయడం పెద్ద అడ్డంకులలో ఒకటి. కథలోని ఫ్రీజ్ ఆశ, నిజజీవితంలో కొందరు ఈనాటికీ డబ్బు కట్టి పెట్టుకొంటున్న ఆశే.

కార్టూన్‌లో ఈ వృత్తాంతాన్ని ఎవరూ ఉపన్యాసంగా చెప్పరు. సంస్థ రహస్య పత్రాల మధ్య దొరికిన ఒక వీడియో టేపులో బ్యాట్‌మన్ దానిని చూస్తాడు. ప్రేక్షకుడూ అతనితోపాటు చూస్తాడు. అంతవరకు దొంగగా కనిపించినవాడు ఒక్కసారిగా భర్తగా కనిపిస్తాడు. అదే సమయంలో బాయిల్ ఆ సంవత్సరపు మహామానవతావాది అనే బిరుదు అందుకోబోతున్నాడు! ఈ వ్యంగ్యం పెద్దలకోసం వ్రాసినదే.

కాని రచయిత అక్కడ తూకం తప్పలేదు. ఫ్రీజ్ దుఃఖం నిజమైనదే అయినా, అతని చేతలు క్షమింపదగినవని కథ ఎక్కడా అనదు. తన చేతి తుపాకి దెబ్బకే కాళ్ళు గడ్డకట్టిన అనుచరుని అతడు వెనుతిరిగి చూడకుండా వదలిపోతాడు. తనకు జరిగిన అన్యాయం తలచుకొని తలచుకొని, ఇతరుల బాధ అతనికి కనపడకుండా పోయింది. ఒకనాడు బాయిల్ తనపట్ల చేసిన పనినే ఇప్పుడు తాను చేస్తున్నాడు. శోకం నుండి శ్లోకం పుట్టిన దేశంలోని పాఠకులకు ఆ రెండవ దారి కూడా తెలిసినదే. తండ్రిని అన్యాయంగా కోల్పోయిన అశ్వత్థామ దుఃఖం సత్యమే. ఆ దుఃఖంతోనే అతడు నిద్రిస్తున్న ఉపపాండవులను చంపాడు.

బ్యాట్‌మన్ కూడా తల్లిదండ్రులను తుపాకి దెబ్బకు కోల్పోయినవాడు. అందుచేత ఆ టేపు చూసిన తరువాత అతనికి ఫ్రీజ్ మీద కోపం మిగలదు. అయినా అడ్డుపడతాడు. చివరికి ఆ టేపును విలేఖరి చేతిలో పెట్టి, సగం గడ్డకట్టి నిలిచిన బాయిల్‌ను లోకం ముందు విడిచి వెళ్ళిపోతాడు. ఒకరిని చెరసాలకు, మరొకరిని అపకీర్తికి అప్పగించి, రెంటిలోనూ న్యాయం చూపిన ముగింపు ఇది. పిల్లల కార్యక్రమాలలో చావును గురించి మాట్లాడడానికే టెలివిజన్ సంస్థలు వెనుదీసే రోజులలో ఇంత గంభీరమైన కథ తెరకెక్కడం సామాన్యమైన సంగతి కాదు.

గీతా, గొంతూ, చారూ

ఫ్రీజ్ కొత్త రూపాన్ని గీసినవాడు బొమ్మల పుస్తకాల చిత్రకారుడు మైక్ మిన్యోలా. బ్రూస్ టిమ్ అడిగి గీయించుకొన్నాడు. మిన్యోలా అప్పటికే 1989లో, బ్యాట్‌మన్‌ను పందొమ్మిదవ శతాబ్దంలో ఊహించిన ‘గోథమ్ బై గ్యాస్‌లైట్’ అనే పుస్తకానికి బొమ్మలు వేసి ఉన్నాడు. తరువాత రెండేళ్ళలోనే ‘హెల్‌బాయ్’ అనే పాత్రను సృష్టించి ప్రఖ్యాతుడైనాడు. గాజు గోళంలో నున్నని తల, కళ్ళను దాచే ఎర్రని అద్దాలు, శవపేటిక వంటి బరువైన కవచం: మిన్యోలా గీతలలో పలుకుకంటే మౌనానికి చోటెక్కువ.

గొంతు ఇచ్చినవాడు సిరియాలో జన్మించి అమెరికాలో స్థిరపడిన నటుడు మైకేల్ అన్సారా. 1950 దశకంలో టెలివిజన్‌లో అమెరికా ఆదివాసి నాయకుడు కొచీజ్‌గా, తరువాత ‘స్టార్ ట్రెక్’లో క్లింగాన్ సేనాని కాంగ్‌గా అతడు సుపరిచితుడు. మిస్టర్ ఫ్రీజ్ గొంతులో ఎత్తుపల్లాలు లేవు. కోపమైనా, శోకమైనా ఒకే స్థాయిలో, బావిలో నుండి వచ్చినట్లు వినిపిస్తుంది. ఏడవడం మరచిపోయిన మనిషి ఎట్లు మాట్లాడతాడో అన్సారా అట్లు మాట్లాడాడు. 2013లో మరణించే నాటికి అతని పేరు చెబితే ఎందరికో మొదట గుర్తు వచ్చేది ఈ గొంతే.

ఫెరిస్ బాయిల్‌కు గొంతు ఇచ్చినది మరెవరో కాదు, ‘స్టార్ వార్స్’ చిత్రాల కథానాయకుడు మార్క్ హామిల్. బొమ్మల పుస్తకాలంటే ప్రాణం పెట్టే హామిల్ ఈ ధారావాహికలో ఏదైనా వేషం కావాలని కోరగా, అతనికి తొలుత దక్కినది ఈ చిన్న పాత్ర. తరువాత జోకర్ పాత్రకు అతనినే ఎన్నుకొన్నారు. ఆనాటి నుండి దశాబ్దాలపాటు జోకర్ నవ్వు హామిల్ నవ్వే అయినది. బ్యాట్‌మన్‌కు గొంతు ఇచ్చిన కెవిన్ కాన్‌రాయ్ 2022లో కన్నుమూసేవరకు ఆ జోడీ ఎన్నో కథలలో కొనసాగింది.

ఇంత విషాదంలోనూ ఒక చిరునవ్వు ఉన్నది. ఫ్రీజ్‌తో మొదటి పోరాటంలో బ్యాట్‌మన్‌కు జలుబు పట్టుకొంటుంది. ముఖానికి ముసుగు, ముక్కుకు తుమ్ములు! వృద్ధ సేవకుడు ఆల్‌ఫ్రెడ్ అతని వెంట కోడిమాంసపు చారు ఫ్లాస్కులో పోసి పంపుతాడు. చివరి పోరాటంలో చేతికి మరేమీ దొరకని బ్యాట్‌మన్ ఆ ఫ్లాస్కునే ఫ్రీజ్ గాజు శిరస్త్రాణం మీద బద్దలు కొడతాడు. వేడి చారు తగిలి గాజు పగులుతుంది. ఇందులో శాస్త్రవిరుద్ధమేమీ లేదు. చల్లని గాజు గ్లాసులో సలసల కాగే పాలు పోస్తే ఏమవుతుందో ప్రతి ఇల్లాలికీ తెలుసు. వేడి తగిలిన పొర వ్యాకోచిస్తుంది. ప్రక్క పొర ఇంకా చల్లగానే ఉంటుంది. ఆ రెండింటి పెనుగులాటకు గాజు చీలిపోతుంది. 1959 నాటి తొలి కథను ముగించినదీ వేడి ఆవిరే. ముప్పై మూడేళ్ళ తరువాత ఆ ఆవిరి చారు రూపంలో తిరిగి వచ్చింది.

అప్పు తీర్చిన తెర

1993లో ఈ ధారావాహిక రచయితల బృందానికి కార్టూన్ రచనకు డేటైమ్ ఎమ్మీ పురస్కారం లభించింది. గ్రహీతలలో డినీ ఒకడు. ఆ పురస్కారం పేరెత్తినప్పుడల్లా ‘హార్ట్ ఆఫ్ ఐస్’ పేరు కూడా వినిపిస్తుంది. అసలు పురస్కారం మరొకటి ఉన్నది. మంచు మనిషికి డినీ కల్పించిన గతాన్ని బొమ్మల పుస్తకాలు తమదిగా చేసుకొన్నాయి. 1997లో డినీ స్వయంగా వ్రాయగా మార్క్ బకింగ్‌హామ్ గీసిన ప్రత్యేక సంచికలో విక్టర్, నోరాల కథ పుస్తకాలలో స్థిరపడింది. అదే సంవత్సరం విడుదలైన ‘బ్యాట్‌మన్ అండ్ రాబిన్’ చలనచిత్రంలో ఆర్నల్డ్ ష్వార్జ్‌నెగర్ ధరించిన ఫ్రీజ్ వేషానికి కూడా ఆధారం ఈ కథే. ఆ చిత్రంలో చలి మీద చమత్కారాలు ఎక్కువై దుఃఖం వెనుకబడిందని చూసినవారికి తెలుసు.

ఈ ధారావాహిక పుస్తకాలకు ఇచ్చిన పాత్రలు మరికొన్ని ఉన్నాయి. జోకర్ అనుచరురాలు హార్లీ క్విన్ 1992 సెప్టెంబరులోనే ఈ కార్టూన్‌లో పుట్టి, ఆనక పుస్తకాలకు, వెండితెరకు ప్రాకింది. పోలీసు అధికారిణి రెనే మాంటోయా సంగతి ఇంకా విచిత్రం. ఆమెను కల్పించినది ఈ కార్టూన్ కొరకే. అయినా కార్టూన్ ప్రసారానికి ముందే, 1992 మార్చి తేదీతో వచ్చిన ‘బ్యాట్‌మన్’ 475వ సంచికలో దర్శనమిచ్చింది. కూతురు అత్తవారింటికి పుట్టింటివారికంటే ముందు చేరినట్లయినది!

2012లో ఒక ప్రయోగం జరిగింది. బ్యాట్‌మన్ కథలను మొదటినుండి తిరగవ్రాస్తున్న స్కాట్ స్నైడర్, జేమ్స్ టైనియన్ కలిసి, నోరా ఫ్రీజ్ భార్యే కాదన్నారు. ఆమె 1943లో జన్మించి, అతడు పుట్టకముందే శీతల నిద్రలోకి వెళ్ళిన ఒక అపరిచిత. భర్తననుకోవడం అతని మతిభ్రమ. ఊహ తెలివైనదే, భయం కలిగించేదే. కాని ఆ ఒక్కమాటతో ఫ్రీజ్ శోకం రోగంగా మారిపోయింది. అది పాఠకులందరికీ రుచించలేదు. 2019 నాటి కథలలో నోరా తిరిగి అతని భార్యగానే కనిపించింది.

కార్టూన్ చివరి దృశ్యంలో చలి నింపిన ఒక గదిలో ఫ్రీజ్ ఒంటరిగా కూర్చొని ఉంటాడు. చేతిలో గాజు గోళం, అందులో మంచు కురుస్తుండగా తిరిగే నర్తకి బొమ్మ. అతడు విడుదల కోరడు. బాయిల్ మీద కసి తీరలేదనీ అనడు. కాపాడలేకపోయినందుకు క్షమించమని భార్యను అడుగుతాడు. డేవ్ వుడ్, మోల్డాఫ్ తమ పేర్లు లేకుండా విడిచిపెట్టిన వజ్రాల దొంగ నోట ఆ క్షమాపణ వినడానికి ముప్పై మూడేళ్ళు పట్టింది.